వేసవిలో నిద్రపోయే దుంపలు

నా చిన్నప్పుడు, ఒక జూన్ ఉదయం ఆరున్నరకి, మా అమ్మమ్మ బియ్యం కడిగిన నీళ్ళ గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. అది రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం పక్కింటి ఆంటీ కంచె అవతల నిలబడి చూసింది.

డెబ్బైల చివర, న్యూజెర్సీలో మేముండే వీధిలో మాదొక్కటే తెలుగు ఇల్లు. తాతయ్య పోయాక అమ్మమ్మని అమ్మ తన దగ్గరికి తెచ్చుకుంది. "ఇన్నాళ్ళూ చేసింది చాలమ్మా, రెస్ట్ తీసుకో" అని గరిటె కూడా పట్టుకోనివ్వలేదు. ప్రేమతోనే. మేము ఆఫీసులకీ స్కూలుకీ వెళ్ళేటప్పుడు ఆవిడ కిటికీ దగ్గర కూర్చునేది. సాయంత్రం వచ్చేసరికి అక్కడే ఉండేది. పొద్దున్నే బియ్యం కడగడం ఒక్కటే ఆవిడకి మిగిలింది.

పక్కింటి ఆంటీ కూడా భర్త పోయిన మనిషే. ఆస్ట్రియా కొండల్లో పుట్టింది. అక్కడ మంచు కరిగే అంచున పూసే ఒక చిన్న నీలం పువ్వు దుంపల్ని, వాళ్ళమ్మ ఇస్తే, ఈ దేశానికి తెచ్చుకుంది. వెల్లుల్లి రెబ్బంత ఉండేవి. ముందటి ఏడు ఆకులు రాలే కాలంలో వాటిలో సగం తవ్వి తెచ్చి, మా పెరట్లో కంకర కలిపిన మట్టిలో అమ్మమ్మ చేత పాతించింది. మార్చిలో అవి వేలెడెత్తున పూశాయి. అమ్మమ్మ రోజూ ఒకటో రెండో కోసి దేవుడికి పెట్టేది. మే దాటేసరికి ఆకులు పండి, మాయమై, ఒట్టి మట్టి మిగిలింది.

అమ్మమ్మ భయపడింది. "ఇంటికొచ్చిన మొక్కని ఎండబెట్టి చంపానన్న మాట నాకొద్దే" అంటూ రోజూ ఆ మట్టిలో కడుగునీళ్ళు పొయ్యడం మొదలుపెట్టింది.

ఆంటీ నన్ను కంచె దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది. అవి చావలేదు, వేసవంతా మట్టిలో నిద్రపోతాయి, అప్పుడు నీళ్ళు పోస్తే కుళ్ళిపోతాయి. నేను అమ్మమ్మకి తెలుగులో చెప్పబోతుంటే ఆగమంది. రోజంతా మీ అమ్మమ్మ ఇంకేం చేస్తుంది అని అడిగింది. ఏమీ చెయ్యదన్నాను. ఆవిడ ఆ తడి మట్టి వైపు కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు టమాటా మొక్కలున్న పెద్ద తొట్టె ఒకటి తనే మోసుకొచ్చి మా గుమ్మం పక్కన దించింది. నడుం నొప్పి వల్ల నీళ్ళు పొయ్యలేకపోతున్నానని, అమ్మమ్మ చూసిపెడితే మేలని చెప్పమంది. చెప్పాను. అమ్మమ్మ మొక్కల్నీ, గిన్నెనీ మార్చి మార్చి చూసి, "ఈ కాసిని నీళ్ళు వీటికేం చాల్తాయే, బకెట్ పట్రా" అంది.

ఆ తరవాత కడుగునీళ్ళు కూడా వాటికే పోయాయి. ఆగస్టులో కాయలు పండాక అమ్మమ్మ అమ్మని పక్కకి తప్పుకోమని స్టవ్ దగ్గరికి వచ్చింది. పచ్చడికి ముక్కలు తరుగుతూ నాతో అంది: "అంత తొట్టె మోసినప్పుడు లేని నడుం నొప్పి చెంబెడు నీళ్ళకి వచ్చిందిటే ఆవిడకి?"

"మరి ఆంటీతో అనలేదేం?"

"ఎందుకనాలి? పాపం, అంత కష్టపడి అబద్ధమాడింది."

మరుసటి ఏడు మార్చిలో పూలు కొన్నే వచ్చాయి. అమ్మమ్మ వాటి ముందు గొంతుక్కూర్చుంటే, వేసవిలో నీళ్ళు పోస్తే దుంపలు కుళ్ళిపోతాయని ఆంటీ నాతో అన్న మాట చెప్పేశాను. "మిగతావి నేనే ముంచేశానన్నమాట. కళ్ళారా చూసి కూడా ఒక్క మాట అనలేదే" అంది. తల్లి ఇచ్చిన దుంపలు పోతాయని తెలిసే ఆంటీ ఆ పొద్దున ఊరుకుందని నాకు అప్పుడు అర్థమైంది.

పోయిన చలికాలంలో మా ఆయన పోయారు. తెలిసినవాళ్ళు వంటలు తెచ్చి ఫ్రిజ్ నింపారు. ఇప్పటికీ వచ్చినవాళ్ళు నా చేతిలో కప్పు కూడా లాక్కుని "ఆంటీ, మీరు కూర్చోండి" అంటారు. మంచివాళ్ళు. కూర్చుని కూర్చుని అలిసిపోయాను.

ఎవరింట్లోనైనా మనిషి పోతే నేను వండినదేదీ పట్టుకెళ్ళను. కొన్నాళ్ళాగి గోంగూర కట్టలు పట్టుకెళ్ళి, చూపు ఆనడం లేదు, కాస్త వలిచిపెట్టమని అడుగుతాను. నమ్మరు. అయినా వలుస్తారు. నా ఇంటికి మాత్రం అలా ఎవరూ రాలేదు. వాళ్ళ తప్పు కాదు. ఇప్పుడు మా వీధిలో ఎవరూ ఎవరినీ ఏ పనీ చేసిపెట్టమని అడగరు.