మొదటి శనివారం నిలబడే మనిషి

వెర్నీటా గ్రీర్ పదకొండేళ్ళుగా నల్లజాతి పాత్రికేయుల సంఘం సమావేశాల్లో కుర్చీ ముట్టలేదు. గోడవారగా నిలబడుతుంది. ఆవిడ మోకాళ్ళ నొప్పుల సంగతి అందరికీ తెలుసు, అయినా ఎవరూ కూర్చోమనరు. కొత్తవాళ్ళు ఎందుకని అడిగితే పాతవాళ్ళు మాట దాటేస్తారు.

అసలు ఆ నిలబడే పద్ధతి పెట్టిందే ఆవిడ. ప్రతి నెలా మొదటి శనివారం ఒహాయోలోని ఆ ఊరి బెతెల్ చర్చి కింది హాల్లో సంఘం కూడుతుంది. చుట్టూ ఉన్న నల్లవాళ్ళ పేట నుంచి ఎవరైనా వచ్చి ఏ పత్రిక మీదైనా, టీవీ మీదైనా విరుచుకుపడవచ్చు. అక్కడ పనిచేసే సభ్యులు లేచి నిలబడాలి. సంజాయిషీ చెప్పకూడదు. తిట్టేవాళ్ళు తిట్టి కూర్చున్నాకే వీళ్ళు కూర్చోవాలి. "పత్రికలవాళ్ళ జీతం పుచ్చుకుంటున్నాం, తిట్లు మాత్రం చేదా?" అనేది వెర్నీటా. నోరు మంచిది కాదు, మనిషి మంచిదే.

'స్టాండర్డ్' పత్రికలో ఆవిడది ఫొటోల విభాగం. అక్కడి తెల్లవాళ్ళకి నల్లవాళ్ళ ముఖాలన్నీ ఒకటే. ఒకసారి పాస్టరుగారి మరణవార్త పక్కన బాస్కెట్‌బాల్ ఆటగాడి ఫొటో వేసి, తప్పు తెలిశాక పకపకా నవ్వుకున్నారు. సంఘం రెండేళ్ళు కొట్లాడి వాళ్ళ చేత ఒక నియమం ఒప్పించింది. నల్లవాళ్ళ ఫొటో ఏదైనా వెర్నీటా సంతకం పడితేనే అచ్చుకు వెళ్ళాలి. ఆవిడ సంతకాన్ని ఎవరు సరిచూడాలన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు.

పదకొండేళ్ళ కిందటి మార్చిలో దుకాణం దోపిడీ వార్తకి లామంట్ టోలివర్ ఫొటో పడింది. దొంగ పేరూ అదే, మనిషి వేరు. ఈ లామంట్ స్కూలు బస్సు నడిపేవాడు. మర్నాడే అతని చేతిలోంచి బస్సు తాళాలు లాక్కున్నారు. పత్రిక మాత్రం లోపలి పేజీలో బొటనవేలంత జాగాలో చింతిస్తున్నామని చెప్పి చేతులు దులుపుకుంది.

శనివారం సమావేశానికి ముందే వెర్నీటా సంఘం అధ్యక్షుడు కర్టిస్ మేబెన్‌ని మెట్ల దగ్గర ఆపింది. "ఆ సంతకం నాదే" అంది.

కర్టిస్ ముఖం మాడిపోయింది. "నోరు మూసుకో సిస్టర్. సోమవారం ఆ ఎడిటర్ గొంతు పట్టుకోబోతున్నాం. నువ్వేనని తెలిస్తే మన మొహానే నవ్వుతాడు. కష్టపడి తెచ్చుకున్న నియమం కూడా పోతుంది."

సమావేశం మొదలవగానే లామంట్ తల్లి ఇర్మా పత్రిక ముక్క పట్టుకుని ముందుకొచ్చింది. వెర్నీటా పద్ధతి ప్రకారం లేచి నిలబడింది.

"ఏ కళ్ళుపోయినోడు వేశాడమ్మా నా కొడుకు ఫొటో?" అంది ఇర్మా. "నిన్ను కాదులే, నువ్వు కూర్చో. నువ్వు మన మనిషివి. ఆ తెల్లోడి పేరు చెప్పు చాలు."

కర్టిస్ కళ్ళతోనే కూర్చోమన్నాడు. కూర్చుంటే సరిపోయేది. పేటంతా ఆ తెల్లోణ్ణి తిట్టుకుంటూ ఇంటికి పోయేది. వెర్నీటాకి అది చేతకాలేదు.

"తెల్లోడెవడూ లేడు ఇర్మా. సంతకం నేనే పెట్టాను. ఫొటో కవరు మీద పేరు చూశాను గానీ లోపలి ముఖం చూడలేదు. మనవాళ్ళు నాకు తెలియదా అనుకున్నాను."

హాలంతా భగ్గుమంది. "ఆదివారం ఆదివారం వాడు నీకు చర్చి తలుపు తీసి పట్టుకునేవాడే" అంది ఇర్మా, గొంతు పెంచకుండా. "వాడి ముఖం కూడా చూడబుద్ధి కాలేదా నీకు? తెల్లోడైతే నాలుగు తిట్టి నిద్రపోయేదాన్ని. ఇప్పుడెలా పడుకోను?"

ఇర్మా కూర్చోలేదు. సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. మరుసటి ఆదివారం నుంచి చర్చి కూడా మార్చేసింది.

"ఇంక చాల్లే, కూర్చో. ఉన్నదంతా తగలెట్టావుగా" అన్నాడు కర్టిస్.

"ఆవిడ కూర్చుందా?" అంది వెర్నీటా.

సోమవారం ఎడిటర్ నవ్వనే నవ్వాడు, నియమమూ పోయింది. లామంట్ పని వెతుక్కుంటూ ఊరు వదిలిపోయాడు. వెర్నీటాని చాలామంది సభ్యులు ఇప్పటికీ పలకరించరు. ఆవిడ మాత్రం అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో ఒక కుర్చీ తుడిచి పెడుతుంది, ఇర్మా వస్తే కూర్చోవడానికి.