తాగని డ్రైవరు, తూలిన బండి

ఇన్నేళ్లలో ఈ సంగతి నన్ను కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నేనే చెప్పబోతే గడియారం చూసుకున్నారు. మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ కాగితం మీద జవాబు రాలేదు. అందుకే రాస్తున్నాను.

యాభైల తొలినాళ్లలో, హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఉన్నప్పుడు, సంగారెడ్డిలో రోడ్డు పనుల ఆఫీసు డ్రైవరును నేను. నా బండి యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసింది. ముందు ముగ్గురు కూర్చునే గది, వెనక తెరిచిన తొట్టి. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పుతుంది కాబట్టి వానకాలం నల్లరేగడిలోనూ దిగబడేది కాదు. తారు పీపాలు, కూలీలను ఎక్కించుకుని రోజూ పటాన్‌చెరు దాకా తిరిగేవాణ్ణి. ఇప్పుడు ఫ్యాక్టరీ గోడలున్న చోటల్లా అప్పుడు జొన్న చేలే.

ఒక వానకాలంలో ముందు చక్రాల కమాన్లు కుంగాయి. కమాన్లంటే ఇరుసు మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు. మా బండ్లు బాగుచేసే షెడ్డు వాళ్లు వాటిని బయట ఒక కమ్మరికి అప్పగించి, కొత్త పట్టీ వేయించి, ఆయన చేతే బిగింపజేశారు. ఆ మర్నాటి నుంచే బండి నా మాట వినడం మానేసింది. నేరుగా పోతూనే ఎడమకు జారేది. సరిచేస్తే కుడికి పోయేది. పటాన్‌చెరు చేరేసరికి భుజాలు పట్టేసేవి.

షెడ్డు మేస్త్రీని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయనకు చెప్పాను.

"స్టీరింగ్ డబ్బా లూజైంది. బిగిస్త పో," అన్నాడు.

బిగించాడు. బండి ఇంకా మొండికేసింది.

"ఉస్తాద్, ఇంక ఎక్కువైంది. తిప్పి ఇడిస్తే స్టీరింగ్ ఎనక్కి వస్తలేదు."

"నీ చేతులల్ల బలం తగ్గింది మియా. జెర నెయ్యి తిను."

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్విన ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

మా పైనున్న ఓవర్సీరుకు చెప్పాను. "పాత బండి గట్లనే ఉంటది, నువ్వు కొత్తగ పరేషాన్ చెయ్యకు," అన్నారు.

పది రోజులకు మిట్టమధ్యాహ్నం, పటాన్‌చెరు ఇవతల, ఎదురుగా ఎడ్లబండి వస్తుంటే పక్కకు తీశాను. స్టీరింగ్ తిరిగి రాలేదు. బండి రోడ్డు పక్క గుంతలోకి దిగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ అది ఆగింది కల్లు దుకాణం ముందు. నా నేరమల్లా అదే.

సాయంత్రానికి నా సర్వీసు పుస్తకంలో ఓవర్సీరు రాత పడింది. మద్యం తాగి, నోరు వాసన కొడుతుండగా బండి నడిపానట. బోనాల నాడు కూడా కల్లు ముట్టనని మా బావలు నన్ను ఏడిపించేవాళ్లు. అలాంటి నేను తాగుబోతునయ్యాను.

ఆ ఆదివారం బండిని ఒక్కణ్ణే పట్టాను. ముందు చక్రాలు జాకీ మీద లేపి, పైకీ కిందకీ, పక్కలకూ ఊపి చూశాను. ఏ కీలూ వదులుగా లేదు. టైర్లలో గాలి రెండు వైపులా సమానమే. ఇక మారిందల్లా కమాన్లే. బడి గోడ కడుతున్న మేస్త్రీ దగ్గర నిలువు చూసుకునే గుండు దారం అడిగి తెచ్చాను. చక్రం మలుపు తిరిగేది ఒక నిలువు మేకు మీద. దాని తల రవ్వంత వెనక్కి వాలి ఉండాలి. అప్పుడే స్టీరింగ్ తనంతట తాను నేరుగా వస్తుంది. రెండు వైపులా దారం పట్టాను. రెండు మేకులూ ముందుకు వాలి ఉన్నాయి.

కమానుకూ ఇరుసుకూ నడుమ ఒక ఇనుప చెక్క ఉంటుంది, ఒక కొస మందం, ఒక కొస పలచన. మందం కొస వెనక్కి ఉండాలి. మా బండికి ముందుకుంది. కమ్మరి దగ్గరికి పోయాను.

"మామా, మందం ముందుకెందుకు పెట్టినవ్?"

"ఎడ్లబండికి గట్లనే పెడ్త. లేకుంటె బరువంత ఎడ్ల మెడ మీద పడ్తది."

"దీనికి ఎడ్లు లేవు గదనే!"

ఆయన సుత్తి పక్కన పెట్టాడు. "అవ్... ఎడ్లు లేని బండి సంగతి నాకేం ఎరుక బిడ్డా?"

ఇద్దరం కలిసి చెక్కలు తిరగేసి బిగించాం. బండి గీత గీసినట్టు పోయింది.

మరునాడు ఓవర్సీరును పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ వదిలి రెండు చేతులూ కట్టుకున్నాను.

"పట్టుకో, పట్టుకోరా!" అని అరిచారు. తర్వాత తేరుకుని అన్నారు. "బండి సక్కగనే ఉంది గద. మరి ఆనాటి తప్పు ఎవరిది?"

నా సాక్ష్యాన్ని నేనే బాగుచేసేశానని అప్పుడు తెలిసింది.

"చెక్కలు మళ్ల తిరగేస్త సాబ్. మీరే నడిపి సూడుండ్రి."

"నాకు వేరే పనుల్లేవా?"

మూడో అర్జీ కింద కమ్మరి వేలిముద్ర వేశాడు. పొరపాటు తనదేనని ఒప్పుకోవడానికి ఆయనకు సిగ్గు అడ్డం రాలేదు. తప్పయింది, ఇక తాగను అని రాసిస్తే సర్వీసు పుస్తకంలో రాత కొట్టేస్తామని ఆఫీసు నోటిమాటగా కబురు పెట్టింది. ఎన్నడూ తాగనివాడు ఇక తాగనని ఎట్లా రాస్తాడు? రాయలేదు. హెడ్ డ్రైవరు పని నాకన్నా చిన్నవాడికి పోయింది. అయినా రాయలేదు. ఇప్పుడూ రాయను.

ఓవర్సీరు గారూ, మీరు పింఛను తీసుకుంటూ సంగారెడ్డిలోనే ఉన్నారు. ఇది మీ కంట పడుతుంది. ఆ మధ్యాహ్నం మీరు ఆఫీసు కుర్చీలో ఉన్నారు. నేను పది మైళ్లకు పైగా దూరంలో గుంతలో ఉన్నాను. నా నోటి వాసన మీకు ఎక్కణ్ణుంచి వచ్చింది? చెప్పండి.