పదమూడుకు ముందురోజు

నా మాటల్లో సగం తీసేసి వినాలని పెనుకొండలో మా వీధి మొత్తానికీ తెలుసు. కోటగోడకు ఆనుకుని నిద్రపోతే గోడే కాస్త జరిగి చోటిచ్చిందని చెప్పినవాణ్ణి. దీంట్లో మాత్రం తీసేయాల్సిందేమీ లేదు.

తొంభైల చివర, ఒక నవంబరులో, హిందూపురం డాక్టరు నాయన ఊపిరితిత్తులు చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆయనకు మిగిలింది ఒకటే ఆశ, నా తమ్ముణ్ణి చూడాలని. వేరే మతం పిల్లను చేసుకున్నాడని వాణ్ణి వాకిలి తొక్కొద్దన్నదీ ఆయనే. నేను రైలెక్కి ధర్మవరం పోయాను. తమ్ముడు మగ్గం మీది నుంచి తలెత్తలేదు.

"తొక్కొద్దన్నది ఆయప్పే గదన్నా. నేను రాను."

ఇంటికొచ్చి, "ఒకటో తేదీకి వస్తాడంట నాయనా" అన్నాను. ఆరోజు ఇరవై ఎనిమిది.

"ఇంకెన్ని దినాలురా?"

"నాలుగు."

"మూడే గదరా!"

పాత పుస్తకాల బండి దగ్గర చదివింది అప్పుడు అక్కరకొచ్చింది. రోమ్‌వాళ్లు నెలలో మూడు రోజులకే పేర్లు పెట్టుకున్నారు. ఒకటో తేదీ కాలెండ్స్. నోన్స్ ఐదున, కొన్ని నెలల్లో ఏడున. ఐడ్స్ పదమూడున, లేకుంటే పదహైదున. తక్కిన ప్రతి రోజునూ, రాబోయే పేరుకు ఇన్ని రోజుల ముందు అని చెప్పుకునేవాళ్లు. ఈరోజునూ కలుపుకునేవాళ్లు, ఆ రోజునూ కలుపుకునేవాళ్లు.

"పోయినదాని లెక్కే లేదన్నమాట. మంచోళ్లే" అన్నాడు నాయన.

ఒకటి వచ్చింది, తమ్ముడు రాలేదు. మగ్గం మీద చీర దిగలేదంట, నోన్స్‌కు వస్తాడన్నాను. ఐదూ పోయింది. ఐడ్స్‌కన్నాను. పొద్దున దగ్గు ఆగగానే నాయన వేళ్లు ముడిచేవాడు. ఎనిమిది. ఏడు. ఆరు.

పన్నెండో తేదీ పొద్దున, "ఈపొద్దు రెండు గదా?" అన్నాడు.

"రెండనరు నాయనా. ముందురోజు అంటారు."

"పదమూడు దాటితే ఇంగేమన్నా పేరుండాదా?"

"జనవరి కాలెండ్స్ ఉండాది."

"శానా దూరంరా." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నువ్వు అబద్ధం చెప్తాండావని ఒకటో తేదీనాడే తెలిసెలే. వాణ్ణేమీ అనాకు."

మధ్యాహ్నానికి పోయాడు.

కబురందుకుని తమ్ముడు మూడోదినానికి వచ్చాడు. పోయిన రోజును కలుపుకునే మూడు. ఈ లెక్కలో మేమూ రోమ్‌వాళ్లమే. రమ్మన్నా వాకిలి దాటలేదు, బయటే నిలబడ్డాడు.

"నన్ను అడిగినాడా?"

"దినామూ అడిగినాడురా. నువ్వొస్తావని వేళ్లు ముడిచి లెక్కపెట్టినాడు."

వాడు నా ముఖంలోకి చూశాడు.

"నీ మాటలు యాడ నమ్మేదిన్నా" అని స్టేషన్ దారి పట్టాడు.