ఇద్దరు బాక్సర్లు, రెండు మీసాలు

ఇయ్యాల డ్యూటీ దిగినంక ఖాజా భాయ్ సలూన్ల నాకూ, నాతోని పనిచేసే యాదగిరన్నకూ మస్తు లొల్లయింది. గోడకు రెండు ఉర్దూ పేపర్ ముక్కలు అంటించి ఉన్నయ్. పాతదాంట్ల బక్క బాక్సర్, కొత్తదాంట్ల గడ్డం బాక్సర్. ఇద్దరి నడుముకూ చాంపియన్ బెల్టులున్నయ్. మంచి వయసుల తలపడితే ఎవడు గెలుస్తడు? నేను పాతకాలపోని దిక్కు, అన్న ఇప్పటోని దిక్కు. ఓడినోడు మీసం తీయాలని పందెం. మా ఇద్దరికీ ఉర్దూ మాట్లాడుడొస్తది గని చదువుడు రాదు.

ఖాజా భాయ్‌నే ఫైసలా చెయ్యమన్నం. ఆయన కత్తి నూరుకుంట నవ్విండు.

“రెండు ఫోటోలూ ఒకనివే భాయ్. అది వానికి ఇరవై ఏండ్లున్నప్పటిది, ఇది నలభై ఏండ్లున్నప్పటిది. ఎవ్వరూ గెల్వలే, అంటే ఇద్దరూ ఓడినట్టే. కుర్చీల కూసోన్రి.”

మీసాలు పోయినయ్, లొల్లి ఒడవలే. ఇంటికొచ్చేదాక అదే ముచ్చట: ఇరవై ఏండ్లోడు కొడ్తడా, నలభై ఏండ్లోడు కొడ్తడా? మీరైతే ఎవని మీద మీసం పెడ్తరు?