సగం ధర వీడియో గేమ్

క్యాంపస్ చరిత్ర రాసేవారు కట్టడాల గురించి రాస్తారు, ఉద్యమాల గురించి రాస్తారు. అర్థశాస్త్ర విభాగంలో సీనియర్ అసిస్టెంట్ ఆదినారాయణగారు చేతిలో సంచి కనిపించిన ప్రతి మనిషినీ ఆపి "ఎంతకిచ్చినాడు?" అని ఇరవై రెండేళ్ళుగా అడుగుతున్న సంగతి మాత్రం ఎవరూ రాయలేదు.

ఆయనది కడప పక్క. ఉద్యోగం, ధరల సూచీ పట్టికలు తయారు చెయ్యడం. కాపురం తార్నాకలో. వంకాయల నుంచి సీలింగ్ ఫ్యాను దాకా తనకన్నా తక్కువకు కొన్నవాడు విభాగంలో లేడన్నదే ఆయన పరువు. 1993లో కూతురు శిరీష పోరు పడలేక, టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ పద్దెనిమిది వందలకు కొన్నారు. షాపువాడు చెప్పింది రెండు వేలు. ఆ విజయగాథ అయిదేళ్ళు నడిచింది.

1998లో ఒక సోమవారం అటెండరు బిక్షపతి సంచితో వచ్చాడు. లోపల అదే గేమ్, అదే ఎర్ర డబ్బా.

"ఎంతకిచ్చినాడు?"

"తొమ్మిది నూర్లు సార్. కోఠిల."

సగం ధర! అదీ, బేరమాడటం తన దగ్గర నేర్చుకున్న మనిషికి!

"అప్పటి రూపాయి వేరు, ఇప్పటి రూపాయి వేరప్పా. ధరలన్నీ పెరగలేదా? రేపు లెక్క కట్టి చూపిస్తా, ఎవరు చౌకగా కొన్నారో."

"చూపియ్యుండ్రి సార్. నేనేడికి పోత, గీడనే ఉంటగదా."

టైపిస్టు శ్యామలాంబ నవ్వింది. ఆ నవ్వు ఆయనకు గుచ్చుకుంది.

మధ్యాహ్నం సూచీ తీశారు. అయిదేళ్ళలో ధరలు ఒకటిన్నర రెట్లయ్యాయి. అంటే, నాడు తాను పెట్టిన పద్దెనిమిది వందలు ఇవాళ్టి రెండువేల ఏడు వందలతో సమానం. పొద్దున సగం ధరకు కొన్న బిక్షపతి, మధ్యాహ్నానికి మూడో వంతుకు కొన్నవాడయ్యాడు. కాగితం మార్చి కట్టారు, పెన్ను మార్చి కట్టారు. బియ్యం పెరిగింది, నూనె పెరిగింది, బస్సు చార్జీ పెరిగింది. లోకంలో తగ్గడానికి ఈ ఒక్క వస్తువే దొరికింది, అదీ అటెండరు కొనే వేళకు.

"ఆ బిక్షపతి పిల్లోళ్ళు ఆడుకుంటే మీకేం బాధ?" అంది ఇంట్లో ఈశ్వరమ్మ.

"బాధ ఎవరికి? నేను సిద్ధాంతం మాట్లాడుతుండా."

ఆ రాత్రి సిద్ధాంతానికి అన్నం సహించలేదు.

మర్నాడు బిక్షపతి టీ తెచ్చి పెట్టాడు. "లెక్క ఏమాయె సార్?"

"నడుస్తా ఉంది. పెద్ద లెక్క."

"గట్లనా? నేనైతే షాపుల నిలవడే లెక్క చేసిన."

శ్యామలాంబ మళ్ళీ నవ్వింది.

ఆదివారం ఆదినారాయణగారు కోఠీకి దండెత్తారు. గంటన్నర బేరమాడి, అదే గేమ్ ఇంకొకటి ఎనిమిది వందల ఎనభైకి కొన్నారు. బిక్షపతికన్నా ఇరవై తక్కువ! పైగా రెంటికీ సగటు కడితే పాత మచ్చ కూడా సగం చెరిగినట్టే. రేపు విభాగంలో ఈ మాట ఏ గొంతుతో చెప్పాలో బస్సులో సాధన చేసుకుంటూ, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని తార్నాక చేరారు.

ఇప్పుడు ఇంట్లో గేములు రెండు, టీవీ ఒకటే.