అక్షరం పొల్లుపోని సాక్ష్యం

రెండువేల అయిదు ప్రాంతంలో రాజమండ్రి నుంచి వచ్చి, పుదుచ్చేరి తట్టాంచావడిలో ఒక ఫ్యాక్టరీ నెట్‌వర్క్ చూసుకునేవాణ్ని. కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ ఎప్పుడు ఆగిపోయినా మా మేనేజర్ కె. దామోదరన్ గారు తమిళంలో నన్నే కడిగిపారేసేవారు. నా తప్పేమీ లేదని యంత్రం చేతే చెప్పించాలని, స్విచ్‌లను అదుపు చేసే కన్సోల్ సర్వర్‌లో ఆ స్విచ్ పోర్టుకు లాగింగ్, అంటే జరిగిందంతా నమోదు చేసే ఏర్పాటు, పెట్టాను. ఇక ఆ పోర్టులో కనిపించే ప్రతి అక్షరమూ ఫైల్లోకి చేరుతుంది.

పరీక్షించాలి కదా! తమిళాయనకు ఏం అర్థమవుతుందిలే అని, ఇంగ్లిష్ అక్షరాల్లో “మా మేనేజరు ఒట్టి దున్నపోతు” అని కొట్టాను. ఫైల్లోంచి చెరపడం మరిచిపోయాను.

మర్నాడు స్విచ్ మళ్లీ ఆగింది. సార్ అందరి ముందూ ఫైల్ తెరిచి, మొదటి వరుసే కూడబలుక్కుంటూ పైకి చదివారు.

“టెస్ట్ మెసేజ్ సార్” అన్నాను మహా ధీమాగా.

ఆయన నా వైపు తిరిగి తెలుగులో అన్నారు: “మాది ఇక్కడి ముత్తియాల్‌పేటే. ఇంట్లో తాతల కాలం నుంచి తెలుగేనబ్బా. తెలుగు అక్షరాలే చదివేదానికి రావు. నువ్వు ఇంగ్లీషులో రాసి మంచి పని చేసినావు.”

ఉద్యోగం ఊడలేదు, ఆయన దయ. ఆగిన స్విచ్ సంగతి ఆ పూట ఎవరికీ గుర్తురాలేదు. నా సర్వీసు మొత్తంలో మొదటి ప్రయత్నంలోనే చక్కగా పనిచేసిన కాన్ఫిగరేషన్ ఆ లాగింగ్ ఒక్కటే.