సుంగ్‌తియల్ దాటిపోయిన గడప

"మా కొండమీద పాడటం రాని ప్రాణులు రెండే. ఉప్పు మోసుకొచ్చే కంచరగాడిద ఒకటి, మా ఇంటిది ఒకటి" అని జాపెంగ్ నలుగురిలో అనేవాడు. జాపెంగ్ వడ్రంగి. మా ప్రార్థన మందిరంలో బల్లలన్నీ అతని చేతివే. ఆ మాటకు అందరికంటే ముందు నవ్వేది అతని భార్య సుంగ్‌తియలే.

ఆమెకు నిజంగానే గొంతు లేదు. చదువూ అంతంతమాత్రం. ఒక ఆదివారం మా సంఘకాపరి వాన్‌లియాన్ అయ్యగారు ప్రసంగంలో, "డబ్బున్నవాళ్లు డబ్బివ్వండి, పనొచ్చినవాళ్లు పనివ్వండి. ఏదీ లేకపోతే ఒక పూటైనా ఇవ్వండి. దేవుడు ఎవర్నీ ఉత్తచేతులతో పుట్టించలేదు" అన్నారు. అందరం తలలు వంచుకుని కూర్చుంటే సుంగ్‌తియల్ లేచి నిలబడింది.

"నాకు డబ్బు లేదు, పాట రాదు అయ్యగారూ. కాళ్లున్నాయి" అంది.

అప్పటినుంచి పిడికెడు గింజల బుట్ట ఆమెదైంది. మా ఆడవాళ్లం ఎసరు పెట్టాక, కుండలో పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్కనున్న దేవుని కుండలో వేస్తాం. బియ్యమైతే బియ్యం, మొక్కజొన్న రవ్వయితే రవ్వ. శనివారం సుంగ్‌తియల్ బుట్టపట్టీ నుదుటికి తగిలించుకుని, పై వాడ నుంచి కింది వాడ దాకా గడప గడపకూ వచ్చేది. అవతలి లోయల్లో సువార్త చెప్పేవాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలిగేది ఆ గింజలతోనే. బుట్ట నింపుకొని ఊరికే పోయేది కాదామె. బాలింత ఉంటే నీళ్లు తెచ్చిపెట్టేది, ముసలివాళ్లు ఉంటే పొయ్యిలో కట్టె ఎగదోసేది.

వెలి పడిన ఇంటి ముందు మాత్రం ఆ బుట్ట ఆగదు. సారా కాచినవాళ్లనో, తోటివాడి మీద కత్తి ఎత్తినవాళ్లనో సంఘం వెలి పెడితే, వాళ్లు అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకునేదాకా వాళ్ల గుప్పెడు తీసుకోరు. బుట్ట వాళ్ల గడప దాటిపోతుంది. మమ్మల్ని ఎవరూ కొట్టనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు. ఆ ఒక్కటీ చాలు.

అలాంటి రోజుల్లో బర్మాలోని మా చిన్ కొండలమీద వెదురు పూసింది. వెదురు పూస్తే ఎలుకలు పుడతాయని మా తాతలు చెప్పిన మాట వట్టిది కాదు. పూత రాలి గింజ కట్టగానే ఎలుకలు మందలు మందలుగా వచ్చాయి. ఆ గింజ అయిపోయాక చేలమీద పడ్డాయి. సాయంత్రం నిలబడి ఉన్న మొక్కజొన్న తెల్లారేసరికి లేదు. చంటిపిల్లలకు పాలు లేవు. పశువులను అమ్ముకున్నారు. ఆ తర్వాత అడవిలో దుంపలు తవ్వుకు తిన్నాం. నీళ్లలో ఎంత నానబెట్టినా ఆ దుంపలు గొంతు దురద పెట్టేవి.

అయినా బుట్ట ఆగలేదు. లోయల్లోనూ మనుషులున్నారు, వాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు. "ఉన్నదాంట్లోదే ఇవ్వండి, లేనిది తేవద్దు. చేతులు మాత్రం ముడవకండి" అన్నారు అయ్యగారు. ఆ మాట ఇంటింటికీ మోసింది సుంగ్‌తియలే. మాటలు పడిందీ ఆమే.

"ఎలుకలు పోయాయనుకుంటే నువ్వొచ్చావా అక్కా?" అనేది రాల్‌బిక్ పెళ్లాం.

"ఎలుక అడక్కుండా తింటుందే. నేను అడిగి తీసుకుంటున్నాగా" అనేది సుంగ్‌తియల్. ఇద్దరూ నవ్వేవాళ్లు. నవ్వాక ఇద్దరూ చెరోవైపు తిరిగి కళ్లు తుడుచుకునేవాళ్లు. మా ఇల్లు పక్కదే, నేను చూశాను.

కింది వాడ చివర రెమ్‌ఇయాంగ్ అవ్వ ఇల్లు. కొడుకూ కోడలూ జ్వరాల్లో పోతే, మనవరాలు పార్‌చిన్‌ను పెట్టుకుని ఉంటోంది. ఒక శనివారం సుంగ్‌తియల్ వెళ్లేసరికి అవ్వ ఎసరు ముందు కూర్చుని ఉంది. చేటలో ఉన్న రవ్వే తక్కువ. అందులోనే గుప్పెడు తీసి దేవుని కుండలో వేసింది. పొయ్యి పక్కన పడుకున్న పిల్ల కళ్లు ఆ చెయ్యి వెంటే వెళ్లాయి. పిల్ల కాళ్లు పుల్లల్లా ఉన్నాయి.

సుంగ్‌తియల్ కుండ బుట్టలో బోర్లించుకుని బయటికొచ్చింది కానీ, ఆ కళ్లు ఆమెను వదల్లేదు. 'ఇవ్వొద్దవ్వా' అని చెబుదామంటే, నీకు ఇచ్చే గతి లేదని మొహం మీద అన్నట్టవుతుంది. అందుకని తరువాతి శనివారం చప్పుడు చేయకుండా ఆ ఇంటి కిందున్న కాలిబాటన పోయింది. అవ్వ కుండ పట్టుకుని మెట్టు మీద నిలబడే ఉంది. సుంగ్‌తియల్ తల తిప్పలేదు. ఆ పై వారమూ అంతే. ఆ గుప్పెడు పిల్ల నోట్లో పడుతుంది కదా అని తృప్తిపడింది.

అవ్వ మందిరానికి రావడం మానేసింది. మేం నీరసమనుకున్నాం.

తరవాత సంఘపెద్దలు కూర్చుని, లోయలకు పంపగా మందిరంలో మిగిలిన గింజలు ముందు మన ఊళ్లో పడిపోతున్న ఇళ్లకు పంచుదామన్నారు. గంట కొట్టారు. జనం చేటలు పట్టుకుని వచ్చారు. రెమ్‌ఇయాంగ్ అవ్వ రాలేదు. రమ్మని నేను కబురు పెడితే, "నాకు అందులో భాగం లేదమ్మా" అని చెప్పి పంపింది.

ఆ మాట నేను సుంగ్‌తియల్‌కు చెప్పాను. వెంటనే ఆమె అవ్వ వంతు గింజలు కొంగులో కట్టుకుని పరుగెత్తింది. నేనూ వెనకాలే వెళ్లాను.

ఇంట్లో పొయ్యి చల్లారి ఉంది. పార్‌చిన్ కళ్లు సగం మూసి ఉన్నాయి, పెదాలు పగిలిపోయి ఉన్నాయి. అవ్వ మమ్మల్ని చూసి లేచి గోడవైపు తిరిగింది.

"ఇటు చూడవ్వా! గింజలు తెచ్చాను."

"వద్దు. వెలి పడినవాళ్లు దేవుని తిండి తినకూడదు."

"ఎవరు వెలి పెట్టారవ్వా నిన్ను?"

"నువ్వే కదటే! వారం వారం నా గడప దాటిపోలేదూ? నేనేం చేశానా అని తల బద్దలు కొట్టుకున్నాను. మా ఆయన చచ్చిపోయే ముందు అడిగాడని కాస్త సారా కాచిపోశాను. అదా? పాతికేళ్ల నాటి మాట! దానికి ఇప్పుడా?"

సుంగ్‌తియల్ నేలమీద కూలబడింది. "నీ పాపమేం లేదవ్వా, నీ తప్పేం లేదు. నీ పిల్ల ఆకలి చూసి జాలిపడ్డాను. నువ్వు ఆ గుప్పెడు దానికి పెట్టుకుంటావనుకున్నాను."

అవ్వ ఇటు తిరిగింది. కోపంగా మూలకు వేలు చూపింది.

"జాలా? మూలనున్న ఆ కుండ చూడు."

చూశాం. దేవుని కుండ. బుట్ట రాని వారాల్లో కూడా అవ్వ ప్రతి పూటా గుప్పెడు తీసి అందులో వేస్తూనే ఉంది. ఇంట్లో రవ్వ అయిపోయింది. పిల్ల ఏడ్చింది. ఏడ్చే ఓపికా అయిపోయింది. కుండ మాత్రం నిండింది.

"అది దేవుడిదే. ఆయన తీసుకోనంత మాత్రాన నాదెట్లా అవుతుంది? దాన్ని వండి దీనికి పెట్టేదాన్నా?"

 తెచ్చిన గింజలు వండడానికి నేను పొయ్యి రాజేయబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ముందు నా కుండ తీసుకోమను" అంది. సుంగ్‌తియల్ బుట్ట తేలేదు. తెచ్చిన గింజలు చేటలో పోసి, ఖాళీ కొంగు పరిచింది. అవ్వ రెండు చేతులా కుండ ఎత్తి అందులో వంచింది. అప్పుడు గాని పొయ్యి అంటించనివ్వలేదు.

జావ కాచి చెంచాతో పోస్తే పిల్ల కక్కింది. మళ్లీ పోశాం. కాస్త లోపలికి పోయింది.

ఆదివారం సుంగ్‌తియల్, వెలి పడినవాళ్లు నిలబడే చోటుకు తనంతట తనే వెళ్లి నిలబడింది. "దేవుడికిచ్చే చెయ్యిని నేను మూశాను. ఒక పిల్ల చావు దాకా వెళ్లింది. నన్ను వెలి పెట్టండి" అంది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జాపెంగ్ తల ఎత్తలేదు. వెనక బల్ల మీది నుంచి రెమ్‌ఇయాంగ్ అవ్వ, "దాన్ని వెలి పెడితే శనివారం నా గడపకు ఎవరొస్తార్రా?" అని అరిచింది. ఎవరూ నవ్వలేదు. పెద్దలు ఏమీ తేల్చకుండానే ప్రార్థన చేసి ముగించారు.

శనివారం వచ్చింది. ఎలుకలు ఇంకా ఉన్నాయి. పంచిన గింజలు తరిగిపోతున్నాయి, కోతలు చాలా దూరం. సుంగ్‌తియల్ బుట్ట తగిలించుకుని కింది వాడ చివరి దాకా వెళ్లి ఆ మెట్ల ముందు ఆగింది. లోపల పార్‌చిన్ దగ్గుతోంది. అవ్వ బయటికొచ్చి పిడికిలి చాపింది. సుంగ్‌తియల్ చెయ్యి వెనక్కి పోబోయింది. అవ్వ ఆ చేతి వంకే చూస్తోంది.

సుంగ్‌తియల్ బుట్ట వంచింది. అవ్వ గింజలు అందులో పడ్డాయి.